టర్బో కార్లలో ఆల్కహాల్ ఇంజెక్షన్

టర్బోచార్జర్ ఉన్న పెట్రోల్ ఇంజన్ గట్టిగా పనిచేసే వేళ, అది పీల్చుకునే గాలిలోకి మిథనాల్‌ను గాని, నీళ్లు కలిపిన మిథనాల్‌ను గాని సన్నని తుంపరగా చల్లే ఏర్పాటును ఆల్కహాల్ ఇంజెక్షన్ అంటారు. గాలిని చల్లబరచడం, నాకింగ్‌ను ఆపడం దీని అసలు పని. చల్లిన ద్రవం వల్ల హార్స్‌పవర్ దానంతట అది పెరగదు. టర్బో పీడనాన్ని, అంటే బూస్ట్‌ను, పెంచుకోవడానికీ స్పార్క్‌ను కాస్త ముందుగా వెలిగించడానికీ అది వెసులుబాటు ఇస్తుంది; శక్తి పెరిగేది ఆ వెసులుబాటును వాడుకున్నప్పుడే. వాడుకుంటున్న సమయంలో ద్రవం ఆగిపోతే ఇంజన్‌ను కాపాడేది ఏదీ మిగలదు. అందుకే ఈ పరికరాన్ని కారుకు అమర్చడంలో నాజిల్ బిగించడం చిన్న పని. ద్రవం అందని క్షణాన ఏం జరగాలో ముందే ఏర్పాటు చేయడం పెద్ద పని.

నాకింగ్ ఎందుకు వస్తుంది

టర్బోచార్జర్ పొగగొట్టం వైపు వెళ్లే వేడి వాయువులతో ఒక చక్రాన్ని తిప్పి, దాని ఇరుసుకే ఉన్న మరో చక్రంతో, అంటే కంప్రెసర్‌తో, గాలిని నొక్కి ఇంజన్‌లోకి పంపుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది. 35 డిగ్రీల గాలిని రెట్టింపు పీడనానికి నొక్కితే, 70 శాతం సామర్థ్యంతో పనిచేసే కంప్రెసర్ నుంచి అది సుమారు 130 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. ఆ గాలిని దారిలో చల్లబరిచే ఇంటర్‌కూలర్ ఈ వేడిలో చాలా భాగాన్ని తీసేస్తుంది గాని, బయటి గాలి కంటే చల్లగా చేయడం దానికి సాధ్యం కాదు. ఎండ మండే రోజున, ట్రాఫిక్‌లో నిలబడి ఒళ్లంతా కాగిన ఇంటర్‌కూలర్ చేయగలిగింది ఇంకా తక్కువ.

సిలిండర్ లోపల స్పార్క్ ప్లగ్ దగ్గర మొదలైన మంట అంచులవైపు పాకుతుంది. అది చేరేలోపు, మూలల్లో మిగిలిన మిశ్రమం మీద పీడనమూ వేడీ పెరుగుతూ పోతాయి. ఒక హద్దు దాటితే ఆ మిశ్రమం మంట కోసం ఆగకుండా ఒక్కసారిగా తనకుతానే అంటుకుంటుంది. పీడన తరంగాలు గోడలకు తగిలి, లోహం మీద సుత్తితో కొట్టినట్టు వినిపించే శబ్దమే మెకానిక్‌లు చెప్పే నాకింగ్. ఎక్కువ బూస్ట్‌లో ఇది కొన్ని సెకన్లు సాగినా చాలు, పిస్టన్ రింగుల మధ్య అంచులు విరుగుతాయి, హెడ్ గ్యాస్కెట్ పోతుంది. నేటి కార్లలో నాక్ సెన్సర్ ఈ ప్రకంపనలను పట్టుకుని స్పార్క్‌ను వెనక్కి జరుపుతుంది. ఇంజన్ బతుకుతుంది, శక్తి మాత్రం తగ్గుతుంది.

తుంపర ఎలా కాపాడుతుంది

మట్టికుండ పైన చెమ్మ ఆరుతూ లోపలి నీళ్లను చల్లబరిచే సూత్రమే ఇక్కడా ఉంది. కిలో నీరు ఆవిరి కావడానికి సుమారు 2,257 కిలోజౌళ్ల ఉష్ణం కావాలి. మిథనాల్‌కు ఇది 1,100 దగ్గర, పెట్రోల్‌కు 350 దగ్గర ఉంటుంది. అంకెలు చూస్తే నీళ్లదే పైచేయి అనిపిస్తుంది. కానీ 64.7 డిగ్రీలకే మరిగే మిథనాల్, నీటికంటే చాలా త్వరగా, గాలి గొట్టంలో ఉండగానే ఆవిరి కావడం మొదలుపెడుతుంది. నీటి తుంపరలో చాలా భాగం సిలిండర్ దాకా వెళ్లి, అక్కడ సంపీడన సమయంలో, దహన సమయంలో ఆవిరవుతుంది. ఒకటి గాలిని చల్లబరిస్తే, రెండోది మంట గదిని చల్లబరుస్తుంది. రెండూ కలిపి వాడే అలవాటు ఎనభై ఏళ్లుగా చెక్కుచెదరకపోవడానికి కారణం ఇదే.

మిథనాల్‌కు మరో గుణం ఉంది. అది కూడా ఇంధనమే, దాని రీసెర్చ్ ఆక్టేన్ సంఖ్య 109 ప్రాంతంలో ఉంటుంది. పూర్తిగా మండడానికి పెట్రోల్‌కు బరువులో 14.7 రెట్ల గాలి కావాలి, మిథనాల్‌కు 6.4 రెట్లు చాలు. కాబట్టి అదే గాలికి రెట్టింపు కంటే ఎక్కువ మిథనాల్ పడుతుంది, ఆ మేరకు చల్లదనమూ పెరుగుతుంది. నీరు మండదు, మంట వేగాన్ని నెమ్మదింపజేస్తుంది. మోతాదు మించితే మంటనే ఆర్పేస్తుంది.

విమానాల నుంచి రోడ్డు మీదికి

బ్రిటన్‌లో బెర్‌ట్రమ్ హాప్కిన్సన్ మొదటి ప్రపంచ యుద్ధానికి ముందే గ్యాస్ ఇంజన్లను లోపలి నుంచి నీళ్లతో చల్లబరిచే పద్ధతిని పరీక్షించాడు. ఆయన శిష్యుడు హ్యారీ రికార్డో నాకింగ్ మీద, ఇంధనాల మీద చేసిన పరిశోధనలు ఆ విషయానికి శాస్త్ర పునాది వేశాయి. పెద్ద ఎత్తున వాడకం మాత్రం రెండో ప్రపంచ యుద్ధంలోనే. జర్మన్లు ఎండబ్ల్యూ 50 అనే పేరుతో సగం మిథనాల్, సుమారు సగం నీరు, తుప్పు పట్టకుండా అర శాతం నూనె కలిపిన ద్రవాన్ని మెసర్‌ష్మిట్ 109 వంటి విమానాలలో వాడారు. డైమ్లర్ బెంజ్ 605 ఇంజన్ శక్తి టేకాఫ్ సమయంలో 1,475 నుంచి సుమారు 1,800 హార్స్‌పవర్‌కు పెరిగింది. ఒక విడతలో పది నిమిషాలకు మించి వాడకూడదన్నది నియమం. అమెరికన్లు థండర్‌బోల్ట్, హెల్‌క్యాట్, కోర్సెయిర్ విమానాలలోని ప్రాట్ అండ్ విట్నీ ఆర్-2800 ఇంజన్లకు ఇదే ఉపాయం జోడించారు. యుద్ధం ముగిశాక ప్రయాణికుల విమానాల టేకాఫ్‌లోనూ ఇది కొనసాగింది. ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన వైకౌంట్, ఫ్రెండ్‌షిప్, హెచ్ఎస్ 748 విమానాల రోల్స్-రాయిస్ డార్ట్ ఇంజన్లు కూడా నీళ్లు, మిథనాల్ మిశ్రమాన్ని వాడుకునేవే. అవి సిలిండర్లు లేని టర్బోప్రాప్‌లు కాబట్టి అక్కడ నాకింగ్ ప్రసక్తి లేదు. ఎండవేడికి కోల్పోయిన టేకాఫ్ శక్తిని తిరిగి రాబట్టడం లక్ష్యం.

కార్ల చరిత్రలో అన్నిటికంటే ముందు చెప్పుకోవలసింది 1962లో జనరల్ మోటార్స్ తెచ్చిన ఓల్డ్స్‌మొబీల్ జెట్‌ఫైర్. మార్కెట్లోకి వచ్చిన తొలి టర్బో కార్లలో ఇదొకటి. 215 ఘనపు అంగుళాల, అంటే మూడున్నర లీటర్ల, అల్యూమినియం వీ8 ఇంజన్, 215 హార్స్‌పవర్. టర్బో ఉన్నా సంపీడన నిష్పత్తిని తగ్గించకుండా 10.25 దగ్గరే ఉంచారు. ఇంటర్‌కూలర్ లేదు. బూస్ట్ 5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) మాత్రమే అయినా ఆ నిష్పత్తికి నాకింగ్ తప్పదు గనుక, మిథనాల్, డిస్టిల్డ్ వాటర్ సమపాళ్లలో కలిపిన ద్రవాన్ని ‘టర్బో రాకెట్ ఫ్లూయిడ్’ పేరుతో ఒక చిన్న ట్యాంకులో పోయించారు. ట్యాంకు ఖాళీ అయితే బూస్ట్‌ను అడ్డుకునే వాల్వ్ కూడా పెట్టారు. ఇంజనీర్లు చేయవలసిందంతా చేశారు. కారు కొన్నవాళ్లలో చాలామంది మాత్రం ఆ ట్యాంకును మళ్లీ నింపలేదు. కారులో ఊపు లేదని ఫిర్యాదు చేశారు. రెండేళ్లలో 9,607 కార్లు అమ్మి కంపెనీ ఆ మోడల్‌ను ఆపేసింది. 1965లో, కావాలన్నవారికి టర్బోను తీసేసి మామూలు కార్బురేటర్ బిగించి ఇచ్చింది. పెట్రోల్‌తో పాటు మరో ద్రవాన్ని నిత్యం గుర్తుపెట్టుకుని పోయడం సాధారణ వాహనదారు నుంచి ఆశించలేనిదని జెట్‌ఫైర్ తేల్చి చెప్పింది. ఆ తర్వాత ఈ ఏర్పాటు ప్రధానంగా ఔత్సాహికుల చేతుల్లో పెరగడానికి ఇదొక ముఖ్య కారణమని నా అభిప్రాయం.

తర్వాతి దశాబ్దాల్లో సాబ్ 99 టర్బో ఎస్‌లో నీటి ఇంజెక్షన్ కనిపించింది. 1980ల తొలినాళ్లలో రెనో, ఫెరారీ సంస్థలు ఫార్ములా వన్ టర్బో ఇంజన్లలో నీటిని వాడాయి. కంపెనీ నుంచే నీటి ఇంజెక్షన్‌తో వచ్చిన ఇటీవలి కారు బీఎండబ్ల్యూ ఎం4 జీటీఎస్. డిక్కీలో 5 లీటర్ల ట్యాంకు, మిథనాల్ లేని ఉత్త నీరు, 431 నుంచి 500కు పెరిగిన హార్స్‌పవర్. ఇంజన్ ఆపగానే గొట్టాలలోని నీరు ట్యాంకులోకి వెనక్కి వచ్చేస్తుంది, చలిలో గడ్డకట్టి పగలకుండా.

బ్యూయిక్ గ్రాండ్ నేషనల్: ఒక ఉదాహరణ

అమెరికాలో ఆల్కహాల్ ఇంజెక్షన్‌ను విడిగా కొని బిగించుకునే సంప్రదాయం బలంగా నాటుకున్న కారు బ్యూయిక్ గ్రాండ్ నేషనల్. 3.8 లీటర్ల టర్బో వీ6. 1986లో ఇంటర్‌కూలర్ చేరి 235 హార్స్‌పవర్ అయింది, 1987లో 245. అదే ఏడాది 547 మాత్రమే తయారైన జీఎన్ఎక్స్‌కు కంపెనీ చెప్పిన లెక్క 276. సంపీడన నిష్పత్తి 8 కావడంతో ఈ ఇంజన్ బూస్ట్‌ను బాగా తట్టుకుంటుంది. అడ్డుపడేది పెట్రోలే. అక్కడి పంపుల్లో దొరికే 93 ఆక్టేన్, మన దేశంలో వాడే రీసెర్చ్ లెక్కలో 97, 98లకు దగ్గర. ఆ పెట్రోల్‌తో కంపెనీ బూస్ట్‌ను కొద్దిగా పెంచగానే నాకింగ్ మొదలవుతుంది, ముందుగా బలయ్యేది హెడ్ గ్యాస్కెట్. రేసు పెట్రోల్ ఖర్చు లేకుండా 20 పీఎస్ఐ దాటాలనుకున్నవాళ్లకు మిథనాల్ తుంపర దారి చూపించింది. వీరిలో చాలామంది నీళ్లు కలపని మిథనాల్‌నే వాడతారు.

ఎంత ద్రవం కావాలన్నది లెక్కతో మొదలు కావాలి. 350 హార్స్‌పవర్ ఇచ్చే టర్బో ఇంజన్ పూర్తి బూస్ట్‌లో నిమిషానికి సుమారు 2 లీటర్ల పెట్రోల్ తాగుతుంది. నీళ్లు కలిపిన మిథనాల్ అయితే దానిలో 10 నుంచి 20 శాతం, అంటే 200 నుంచి 400 మిల్లీలీటర్ల వరకు చల్లడం వాడుకలో ఉన్న మోతాదు. నాజిళ్ల మీద రాసే ప్రవాహం సాధారణంగా 100 పీఎస్ఐ దగ్గర కొలిచింది. పంపు 200 పీఎస్ఐ ఇస్తూ, గొట్టంలో ఎదురుగా 20 పీఎస్ఐ బూస్ట్ ఉంటే నాజిల్‌కు దక్కే తేడా 180. ప్రవాహం పీడనపు వర్గమూలాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి 225 మిల్లీలీటర్ల నాజిల్ నిజంగా చల్లేది 300. ఈ ఎదురు పీడనాన్ని లెక్కలోంచి వదిలేస్తే, బూస్ట్ పెరిగేకొద్దీ అవసరం పెరుగుతూ తుంపర సన్నగిల్లుతుంది. నాలుగు లీటర్ల ట్యాంకు ఈ లెక్కన పదమూడు నిమిషాల పూర్తి బూస్ట్‌కు సరిపోతుంది. రోడ్డు మీద బూస్ట్ సెకన్లలోనే వచ్చిపోతుంది కాబట్టి అది చాలా రోజులే వస్తుంది.

అమర్చే పని

ట్యాంకును బానెట్ కింద పెట్టవచ్చు, డిక్కీలోనూ పెట్టవచ్చు. ఎగ్జాస్ట్ వేడికి దూరంగా ఉండాలన్నది మొదటి షరతు. మిథనాల్‌కు తట్టుకునే గట్టి పాలిథిన్ ట్యాంకు మేలు. అద్దాలు కడిగే వాషర్ ట్యాంకును వాడేవాళ్లున్నారు గాని, దాని రబ్బరు వాషర్లు, చిన్న పంపు మిథనాల్ కోసం తయారు చేసినవి కావు. మిథనాల్ అల్యూమినియాన్ని తినేస్తుంది, కొన్ని రకాల రబ్బరును ఉబ్బించి మెత్తబరుస్తుంది. అందుకే సీళ్లు దానికి తగినవా, కావా అని తయారీదారుని అడిగి తెలుసుకోవాలి.

పంపు ఎక్కువ పీడనమిచ్చే డయాఫ్రం రకం. ద్రవం దానంతట అది కిందికి దిగి వచ్చేలా ట్యాంకు అడుగు మట్టానికి గాని, అంతకంటే కిందికి గాని బిగిస్తే అది ఎండి తిరగదు. పంపుకు ముందు వడపోత తప్పనిసరి. నాజిల్ రంధ్రం చాలా సన్నం, ఇసుక రేణువు చాలు మూసేయడానికి. కరెంటు బ్యాటరీ నుంచి నేరుగా, ఫ్యూజు మీదుగా, రిలే ద్వారా తీసుకోవాలి. ఎర్త్ వైరు పెయింట్ గీకిన లోహం మీద బిగించాలి. ఈ వైరు వదులుగా ఉంటే ఇబ్బందులు వస్తాయి.

నాజిల్ స్థానం గురించి వాదనలు చాలా ఉన్నాయి. కంప్రెసర్‌కు ముందు చల్లితే గాలి నొక్కుడు పడేటప్పుడే చల్లబడుతుంది, కానీ వేగంగా తిరిగే రెక్కల అంచులను బిందువులు కాలక్రమంలో కోసేస్తాయి. ఇంటర్‌కూలర్‌కు ముందు చల్లితే ద్రవం అందులోనే పేరుకుంటుంది. అందువల్ల ఇంటర్‌కూలర్ దాటాక, థ్రాటిల్ బాడీకి జానెడు ముందు పెట్టడం స్థిరపడిన పద్ధతి. గ్రాండ్ నేషనల్‌లో ఇంటర్‌కూలర్ నుంచి పైకి వచ్చే గొట్టం ఇందుకు అచ్చంగా సరిపోతుంది. రంధ్రం చేసేముందు ఆ గొట్టాన్ని కారు నుంచి విప్పి తీయాలి. బిగించి ఉండగానే డ్రిల్ చేస్తే లోహపు రజను నేరుగా సిలిండర్లలోకి పోతుంది.

గాలి ఉష్ణోగ్రత సెన్సర్ నాజిల్ దాటాక ఉంటే తడిసి, ఉన్న వేడి కంటే తక్కువ చూపిస్తుంది. ఇంజన్ కంప్యూటర్ దాన్ని నమ్మి స్పార్క్‌ను ముందుకు తోసే ప్రమాదముంది. ఇక గాలి కోసం మాత్రమే మలిచిన మానిఫోల్డ్‌లో ద్రవం అన్ని సిలిండర్లకూ సమానంగా అందదు. బరువైన బిందువులు మలుపుల్లో తిరగలేక నేరుగా చివరి సిలిండర్ల వైపు పోతాయి. మోతాదు తక్కువగా ఉన్నంత కాలం ఈ తేడా సహించదగినదే. నీళ్లు కలపని మిథనాల్‌ను పెద్ద మోతాదులో చల్లేవాళ్లు ఒక్కో సిలిండర్ ముందు ఒక్కో నాజిల్ పెట్టడం ఇందుకే.

నాజిల్ దగ్గరే ఒక నాన్ రిటర్న్ వాల్వ్ గాని, సోలెనాయిడ్ వాల్వ్ గాని ఉండాలి. ట్యాంకు నాజిల్ కంటే ఎత్తులో ఉంటే, లేదా నాజిల్ థ్రాటిల్‌కు అవతల మానిఫోల్డ్ శూన్యం పీల్చే చోట ఉంటే, పంపు ఆగినా ద్రవం దానంతట అదే కారుతుంది. రాత్రంతా అలా కారి సిలిండర్ నిండితే, పొద్దున స్టార్ట్ చేయగానే కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది, ఎందుకంటే ద్రవం నొక్కుడు పడదు.

ఆగినప్పుడు ఏం జరగాలి

కంట్రోలర్ బూస్ట్‌ను చూసి పంపు వేగాన్ని పెంచుతూ పోతుంది. 6, 8 పీఎస్ఐ దగ్గర మొదలై గరిష్ఠ బూస్ట్ దగ్గర పూర్తి ప్రవాహం చేరడం మామూలు. మరీ ముందుగా మొదలైతే ఇంజన్ మిస్ కొడుతుంది, ఆలస్యమైతే టార్క్ ఎగసే చోట నాకింగ్ వస్తుంది. నాజిల్ బిగించాక మొదటిసారి దాన్ని గొట్టంలోంచి బయటికి తీసి, ఉత్త నీళ్లతో ఒక సీసాలోకి చల్లించి, తుంపర ఆకారాన్నీ నిమిషానికి ఎంత వస్తోందో కూడా కొలవాలి. ఆ కొలత ఒక కాగితం మీద ఉంటే, తర్వాత ఎప్పుడైనా ప్రవాహం తగ్గినా వెంటనే తెలుస్తుంది.

రక్షణ మూడు అంచెల్లో ఉండాలి. ట్యాంకులో మట్టం తగ్గిందని చెప్పే స్విచ్ మొదటిది. కానీ ట్యాంకు నిండుగా ఉన్నా నాజిల్ మూసుకుపోవచ్చు, గొట్టం ఊడిపోవచ్చు. పీడనాన్ని మాత్రమే చూసే సెన్సర్ మూసుకుపోయిన నాజిల్‌ను చూసి అంతా బాగుందని అనుకుంటుంది, ఎందుకంటే అడ్డు పడితే పీడనం పెరుగుతుంది. ప్రవాహాన్ని కొలిచే సెన్సర్ రెండూ పట్టుకుంటుంది: ప్రవాహం పడిపోతే అడ్డు, మించితే గొట్టం తెగినట్టు. రెండో అంచె అదే కావాలి. మూడో అంచె ఆ సంకేతం అందగానే బూస్ట్‌ను తగ్గించే చర్య. బూస్ట్ సోలెనాయిడ్‌కు కరెంటు ఆపితే, బూస్ట్‌ను హద్దులో ఉంచే వేస్ట్‌గేట్ అనే వాల్వ్ స్ప్రింగ్ బలానికి సరిపడా బూస్ట్ మాత్రమే మిగులుతుంది. ఆ స్ప్రింగ్ పెట్రోల్ ఒక్కటే తట్టుకోగల పీడనానికి సరిపోయేదై ఉండాలి. డ్యాష్‌బోర్డ్ మీద ఒక బల్బు పెట్టి, అది వెలిగితే డ్రైవర్ కాలు తీస్తాడులే అని ఊరుకోవడం రక్షణ కాదు. పూర్తి వేగంలో రోడ్డు చూసే మనిషి బల్బును చూసేసరికి గ్యాస్కెట్ పోయి ఉంటుంది.

ట్యూనింగ్ దీని తర్వాతే. మిథనాల్ కూడా ఇంధనం కావడంతో మిశ్రమం రిచ్ అవుతుంది, అంటే అందులో ఇంధనం ఎక్కువవుతుంది; అందుకు తగ్గట్టు పెట్రోల్‌ను తగ్గించాలి. ఇక్కడే ఆశ అదుపు తప్పుతుంది. పెట్రోల్‌ను ఎంత ఎక్కువగా తగ్గిస్తే, ద్రవం ఆగిన క్షణాన మిశ్రమం అంతగా లీన్ అవుతుంది, అంటే ఇంధనం తక్కువ పడుతుంది. చల్లదనమూ ఇంధనమూ ఒకేసారి పోతాయి. వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్, నాక్ రికార్డింగ్ చూస్తూ స్పార్క్‌ను ఒక్కో డిగ్రీ చొప్పున పెంచడం, శక్తి పెరగని చోట ఆపేయడం సరైన తీరు.

మిథనాల్‌తో జాగ్రత్త

మిథనాల్ విషం. శరీరంలో అది ఫార్మిక్ ఆమ్లంగా మారి చూపును దెబ్బతీస్తుంది. 30 మిల్లీలీటర్లు ప్రాణం తీయగలవు. 2024 జూన్‌లో తమిళనాడులోని కళ్లకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారా తాగి 60 మందికి పైగా చనిపోయారు. మన దగ్గర ట్యాంకులోంచి పెట్రోల్ తీయడానికి పైపును నోటితో పీల్చే అలవాటు ఉంది; మిథనాల్‌తో ఆ పని ఎన్నడూ చేయకూడదు. చర్మం ద్వారా కూడా ఇంకుతుంది కాబట్టి చేతికి తగిన తొడుగులు, గాలి ఆడే చోటు అవసరం. మంట పగటి వెలుగులో దాదాపు కనబడదు. సగం నీళ్లు కలిపినంత మాత్రాన మంటభయం పోదు, మన వేసవి వేడిలో ఆ మిశ్రమం ఆవిరులకు నిప్పు అంటుకోగలదు. అయితే మిథనాల్ నీటిలో పూర్తిగా కలుస్తుంది గనుక, పుష్కలంగా నీళ్లు పోసి ఆ మంటను ఆర్పవచ్చు. నిల్వ డబ్బా మీద విషమని పెద్ద అక్షరాలతో రాసి, పిల్లలకు అందకుండా తాళం వేసి ఉంచాలి. నీళ్ల సీసాల్లో, సారా సీసాల్లో పోయకూడదు. కలపడానికి డిస్టిల్డ్ వాటర్ వాడాలి; బోరు నీళ్లలోని లవణాలు నాజిల్‌ను పూడుస్తాయి.

భారతదేశంలో మిథనాల్ కొనుగోలు, నిల్వ చాలా రాష్ట్రాల్లో విషపదార్థాల నిబంధనల కిందికి వస్తాయి. వాహనాన్ని తయారీదారు నిర్దేశించిన తీరుకు భిన్నంగా మార్చడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను కచ్చితంగా పాటించాలని తీర్పు ఇచ్చింది. కాబట్టి ఇక్కడ ఈ అమరికకు చోటు చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై, కోయంబత్తూరు కరి వంటి రేసు ట్రాకులే. అక్కడ కూడా పాల్గొనే పోటీ తరగతి నిబంధనలు దీన్ని ఒప్పుకుంటేనే.